సూపర్నెంటుగారితో ఒక మాట

మా అత్తయ్యగారు నాతో నేరుగా మాట్లాడరు. కోపం వల్ల వచ్చిన అలవాటు కాదది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఆవిడ దృష్టిలో అల్లుడంటే ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పదగ్గ మనిషి కాదు. నేను ముందు గదిలో పేపరు చదువుకుంటూ ఉంటే, వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడతో అనేవారు, "మీ ఆయన టీ తాగుతారేమో కనుక్కోవే."

మా ఆవిడ నా వైపు తిరక్కుండానే, "తాగుతారట" అనేది.

"చక్కెర ఎక్కువ వెయ్యనా అని అడుగు."

"మామూలుగానే వెయ్యమని చెప్పు" అనేవాణ్ణి నేను, మా ఆవిడతో.

"ఇద్దరూ నా నెత్తిన స్టాంపు అంటించి పంపండి, నేనిక్కడ ఉన్నది అందుకేగా" అని మా ఆవిడ నవ్వేది. మామగారు పోయాక అత్తయ్యగారు మా ఇంటికే వచ్చేశారు. ఎన్నో ఏళ్ళపాటు మా ఇద్దరి మాటలూ మా ఆవిడ మీదుగానే అటూ ఇటూ తిరిగాయి. ఎక్కడా లోటు కనిపించలేదు.

తర్వాత మా ఆవిడ పోయింది. అప్పుడు జరిగినవేవీ నాకు సరిగ్గా గుర్తు లేవు. గుర్తు తెచ్చుకోవాలనీ లేదు. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక ఇంట్లో నేనూ, అత్తయ్యగారూ మిగిలాం. ఆవిడ వెళ్తాననలేదు, నేను ఉండమనలేదు. ఉండిపోయారు. భోజనం వేళకి బల్ల మీద కంచం పెట్టి, గ్లాసుకి చెంచా ఒకసారి తగిలించేవారు. అదే పిలుపు. ఆఫీసుకి బయల్దేరేటప్పుడు నేను గుమ్మం దగ్గర దగ్గేవాణ్ణి. అది నా చెప్పి వెళ్ళడం. ఇద్దరమూ ఒకరికొకరు అడ్డు రాకుండా చాలా మర్యాదగా ఉండేవాళ్ళం. ఆ మర్యాదలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఒక్క మాట కూడా పుట్టేది కాదు.

సాయంత్రం మాత్రం టీవీలో 'మూడో అంతస్తు' వచ్చేది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక నీళ్ళ మీటర్ల ఆఫీసు, అందులో ఐదారుగురు ఉద్యోగులు, వాళ్ళ మీద ఒక సూపరింటెండెంటు. ఆ ఆఫీసు బంట్రోతుకి ఆ మాట నోరు తిరగక 'సూపర్నెంటుగారు' అనేవాడు. దాంతో చూసేవాళ్ళందరికీ ఆయన సూపర్నెంటుగారే అయిపోయాడు. బట్టతల, జేబులో రెండు పెన్నులు, ఎప్పుడూ ఏదో వెతుక్కునే చూపు. ప్రతి చిక్కులోనూ, కింది వాళ్ళందరూ ఒకేసారి అరుస్తుండగా, ఆయన మెల్లగా తల తిప్పి తెరలోంచి మన వైపు చూసేవాడు. చూసి, "మీరే చెప్పండి" అనేవాడు. అంతే. మిగతా వాళ్ళెవరూ అలా మన వైపు చూసేవారు కాదు. ఆయనకి తప్ప ఇంకెవరికీ మనం ఉన్నట్టు తెలియదు.

మా ఆవిడ ఉన్నప్పుడు ముగ్గురం కలిసి చూసేవాళ్ళం. ఆవిడ పోయాక మేమిద్దరం చూశాం. నేను కుర్చీలో, అత్తయ్యగారు వంటింటి గుమ్మం పక్కన చిన్న పీట మీద. చాలా రోజులు ఊరికే చూశాం. నవ్వు రాలేదు గానీ, నవ్వు వినిపించే చోటు ఒకటి ఇంట్లో ఉందన్న ధైర్యం ఉండేది.

ఒక సాయంత్రం సూపర్నెంటుగారు మా వైపు తిరిగి "మీరే చెప్పండి" అన్నాడు. అత్తయ్యగారు నిట్టూర్చారు.

"ఏం చెప్పమంటావు నాయనా. గ్యాసు చూస్తే రేపో మాపో అన్నట్టుంది."

నేను తల తిప్పలేదు. తిప్పితే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతారని తెలుసు. తెర వైపే చూస్తూ అన్నాను, "రేపు ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్తాను సూపర్నెంటుగారూ."

"అదీ సంగతి. చెప్తే పని జరుగుతుంది" అన్నారావిడ ఆయనతోనే.

అలా మొదలైంది. ఆవిడ మోకాలి నొప్పి సంగతి నాకు సూపర్నెంటుగారి ద్వారానే తెలిసింది. నేను డాక్టరు దగ్గర టైము తీసుకున్న సంగతి ఆవిడకి ఆయన ద్వారానే తెలిసింది. "వాన పడేట్టుంది, గొడుగు మరిచిపోతారేమో చూడు నాయనా" అని ఆవిడ ఆయనకి జాగ్రత్తలు చెప్పేవారు. పాపం, ఆయన నీళ్ళ మీటర్ల గొడవలో ఉండేవాడు. ఒకరోజు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అడిగారు, "అలమారలో మా అమ్మాయి చీరలు అట్లాగే ఉన్నాయి. తీసి ఎవరికన్నా ఇవ్వమంటావా, ఉండనీ అంటావా?"

తెర మీద ఆయన ఫైలు వెతుక్కుంటున్నాడు.

"ఉండనివ్వండి సూపర్నెంటుగారూ" అన్నాను.

"సరే, ఉండనీ" అన్నారు. లేచి వెళ్ళాక వంటింట్లోంచి చెంచాలు కడిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ మాట అడిగించుకోవడానికి నాకు ఎదురుగా ఒక మనిషి ముఖం లేకపోవడం ఎంత మేలయిందో అప్పుడే అనుకున్నాను.

అలాంటి సూపర్నెంటుగారు వెళ్ళిపోయాడు.

ఆ నటుడికి సినిమాలో మంచి వేషం వచ్చిందని పేపర్లో రాశారు. నిర్మాతతో గొడవ అని మా ఆఫీసు స్టోర్ కీపరు చెప్పాడు. ఏదైతేనేం, ఒక సోమవారం ఎపిసోడులో ఆయనకి బదిలీ కాగితం వచ్చింది. సొరుగు ఖాళీ చేసుకున్నాడు. రెండు పెన్నుల్లో ఒకటి బంట్రోతుకి ఇచ్చాడు. అందరూ దిగిపోయాక గుమ్మం దగ్గర ఆగి మా వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఏమీ అనకుండానే లైటు ఆర్పేసి వెళ్ళిపోయాడు.

ప్రకటనలు మొదలయ్యాయి. సబ్బు ప్రకటన, టూత్‌పేస్టు ప్రకటన. అత్తయ్యగారు పీట మీంచి లేవలేదు. ఆవిడ ఏమన్నా అంటారేమోనని ఎదురు చూశాను. అనడానికి ఎదురుగా టూత్‌పేస్టు తప్ప ఎవరూ లేరు.

మర్నాడు ఆఫీసులో అదే గోల. నేను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల బల్ల దగ్గర పని చేస్తాను. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోతే, లోపల చిక్కుకున్నవాళ్ళు అక్కడి గోడ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తారు. ఆ ఫోను నేను తీస్తాను. ఏ బిల్డింగు, ఏ అంతస్తుల మధ్య, లైటు వెలుగుతోందా, లోపల ఎంతమంది, ఎవరికన్నా ఊపిరాడనట్టు ఉందా, ఇవన్నీ అడిగి మెకానిక్కుని పంపిస్తాను. మెకానిక్కు పైన మెషిన్ గదికి చేరి, బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని దగ్గర్లో ఉన్న అంతస్తుకి తెచ్చే దాకా లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండటం నా పని. తలుపులు లాగొద్దని చెప్పాలి. భయం వెయ్యకుండా చూడాలి. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో నేను ఎంతసేపైనా మాట్లాడగలను. కంపెనీలో ఆ మాట అందరూ ఒప్పుకుంటారు.

"ఇంక నేను చూడను. అయిపోయింది" అంది అకౌంట్సు అక్కయ్య, టిఫిన్ డబ్బా మూత బల్ల మీద కొట్టి. ఆవిడ నాకన్నా చిన్నది, కానీ కంపెనీ మొత్తానికి అక్కయ్యే. "మంచం మీద ఉన్న మా నాన్న ఆయన్ని చూసి నవ్వేవాడు. నన్ను చూసి కూడా నవ్వడు మా నాన్న."

"కొత్తగా వచ్చేది ఎవరో చూడకుండానే ఎట్లా అంటావక్కయ్యా?" అన్నాడు పెద్ద మెకానిక్కు.

"నువ్వు చూడు. నీకు ఏ బొమ్మైనా ఒకటే. కదిలితే చాలు."

"నేను లిఫ్టు మెకానిక్కుని. కదిలితే చాలనే అంటాను మరి."

స్టోర్ కీపరు ఫోనులో అభిమానుల గ్రూపు చూపించాడు. కొందరు నిర్మాతని తిడుతున్నారు. కొందరు నటుణ్ణి తిడుతున్నారు, పెంచిన చేతిని కాదని సినిమాకి పోయాడని. ఒకాయన ఆ బదిలీ కాగితం చెల్లదని, దాని మీద పై అధికారి సంతకం కనపడలేదని, కాబట్టి సూపర్నెంటుగారు ఇంకా ఉద్యోగంలో ఉన్నట్టేనని వాదిస్తున్నాడు. ఆయనకి మద్దతుగా చాలామంది ఉన్నారు. అందరూ కలిసి ఒక నిర్ణయానికొచ్చారు. ఆ కార్యక్రమం వచ్చే వేళకి టీవీ ఆపేసి, ఆపేసిన టీవీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. అప్పటికే నల్లటి తెరలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఒక్కో తెరలో ఫోటో తీస్తున్న మనిషి నీడ కనిపిస్తోంది.

"మీరేం అంటారు సార్?" అని అడిగాడు స్టోర్ కీపరు.

"నాకేం తోచడం లేదు" అన్నాను. నిజమే చెప్పాను.

అప్పుడే ఫోను మోగింది. ఏదో ఆఫీసు బిల్డింగులో నాలుగుకీ ఐదుకీ మధ్య ఒకావిడ చిక్కుకుంది. ఒక్కతే ఉంది. లైటు వెలుగుతోంది. మెకానిక్కు పనిముట్ల డబ్బా తీసుకుని పరిగెత్తాడు. నేను మాట్లాడుతున్నాను. "మీకేం భయం లేదమ్మా, లిఫ్టు ఎక్కడికీ పడిపోదు, అలా కింద కూర్చోండి" అన్నాను.

"భయం కాదండీ, పొద్దున్నుంచీ అసలు మనసే బాగాలేదు" అందావిడ. "మీరు మూడో అంతస్తు చూస్తారా?"

"చూస్తానమ్మా."

"అట్లా లైటు ఆర్పి వెళ్ళిపోవడమేమిటండీ! ఒక్క మాట చెప్పొద్దూ?" అని ఆవిడ ఏడ్చింది. లిఫ్టులో చిక్కుకున్నందుకు ఏడవలేదు. మెకానిక్కు వెళ్ళి తలుపు తీసే దాకా సూపర్నెంటుగారి గురించే మాట్లాడుకున్నాం. బయటపడ్డాక, "థాంక్సండీ, మీతో చెప్పుకున్నాక తేలికైంది" అని పెట్టేసింది. ఫోను పెట్టేసి చూస్తే అక్కయ్య నాకు టీ తెచ్చి పెట్టి, మూత కూడా పెట్టి వెళ్ళింది. చల్లారకుండా.

'మూడో అంతస్తు'లో కొత్త సూపరింటెండెంటుగా ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. వచ్చీ రాగానే ఫైళ్ళన్నీ సర్దించింది. బంట్రోతు అలవాటు కొద్దీ పాత ఆయనకి పెట్టినట్టే ఆమెకీ చక్కెర లేని టీ పెడితే, ఒక గుక్క తాగి మొహం పెట్టింది చూడండి, బాగా చేసింది. అభిమానుల గ్రూపులో ఎవరేమన్నా సరే, ఆ పిల్ల తప్పేం లేదు. కానీ అరగంటలో ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. చిక్కు వస్తే పక్కనున్న వాళ్ళని అడిగి తేల్చేసుకుంది.

అత్తయ్యగారు చివరి దాకా చూశారు. లేచి వచ్చి, రిమోటు తీసుకుని టీవీ ఆపేశారు. ఆ తర్వాత నేను ఉండగా మా ఇంట్లో టీవీ పెట్టలేదు. గ్రూపు వాళ్ళు చెప్పారని కాదు, ఆవిడకి అలాంటి గ్రూపు ఒకటి ఉందనే తెలియదు. సాయంత్రం కాగానే ఆవిడ పీట తీసి వంటింట్లోకి జరిపేసుకున్నారు. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి. నల్లటి తెరలో నా నీడ కనిపించేది. మళ్ళీ చెంచా చప్పుడు, మళ్ళీ దగ్గు.

బాధగా ఉందా అంటే చెప్పలేను. మా ఆవిడ పోయినప్పటి నుంచీ నాకు ఏదీ పూర్తిగా తగలడం లేదు. పన్ను పీకేముందు ఇంజెక్షను ఇస్తారే, అలా ఉంటుంది. డాక్టరు ఏదో చేస్తున్నాడని తెలుస్తుంది, అంతే.

ఒకరోజు మా మరదలు ఫోన్ చేసింది. అత్తయ్యగారి చిన్నమ్మాయి. వేరే ఊళ్ళో ఉంటుంది.

"బావగారూ, అమ్మ ఫోనులో మాట్లాడటమే లేదు. అడిగితే ఊ, ఆ అంటోంది. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారమ్మా."

"మరేం లేదు బావా, నేనొకటి అనుకుంటున్నాను. అక్క ఉన్నన్నాళ్ళూ సరే. ఇప్పుడు మీకు కూడా ఇబ్బందే కదా, మొహమాటం. అమ్మని నా దగ్గరికి తెచ్చేసుకుంటాను. మీరేమంటారు?"

నేను ఏమనాలి? ఆవిడ నాకు తల్లి కాదు. ఆవిడ కూతురే నాకూ ఆవిడకీ మధ్యన ఉన్న తాడు, అది లేదు. ఏ హక్కుతో ఉంచుకుంటాను? పోనీ, ఆవిడకి వెళ్ళాలని ఉందేమో. ఈ గోడల మధ్య ఎవరికి మాత్రం ఉండాలని ఉంటుంది.

"ఆవిడ ఇష్టమమ్మా" అన్నాను.

రెండు రోజులాగి మళ్ళీ ఫోన్ చేసింది. "అమ్మ సరేనంది బావా. ఆదివారం వస్తాను, తీసుకెళ్తాను."

"సరే" అన్నాను. ఆ సరే అన్నాక ఫోను ఎక్కడ పెట్టానో మర్చిపోయి ఇల్లంతా వెతికాను. చేతిలోనే ఉంది.

అత్తయ్యగారు దాని గురించి నాకేమీ చెప్పలేదు. ఎవరి ద్వారా చెప్తారు? ఉతికిన బట్టలు మడతపెట్టి నావి ఒక పక్కా ఆవిడవి ఒక పక్కా పెట్టే మనిషి, ఆ వారం ఆవిడవి సంచిలోకి నేరుగా సర్దుకోవడం చూశాను. నా చొక్కాలకి ఊడిన గుండీలన్నీ కుట్టేసి ఉన్నాయి. చూసి కూడా ఏమీ అనలేకపోయాను. నా నోట్లో మాట లేక కాదు. ఆవిడ ఎదురుగా నిలబడితే ఆ మాట పెట్టడానికి చోటు దొరకలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు ముందు గదిలో టీవీ నడుస్తోంది. చానెల్ వాళ్ళు గొడవ చల్లార్చుకుందామని, ప్రేక్షకులతో ఫోనులో మాట్లాడే కార్యక్రమం ఒకటి పెట్టారు. నిర్మాత కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. పక్కన యాంకరు. ఒకడు ఫోన్ చేసి పద్యం చదివినట్టు తిట్టాడు. ఇంకొకావిడ కొత్తమ్మాయిని మెచ్చుకుంటే అకౌంట్సు అక్కయ్య, "చానెల్ వాళ్ళ చుట్టమై ఉంటుంది" అంది.

"తర్వాతి ఫోను, హలో, చెప్పండమ్మా, మీ పేరేంటి?"

"పేరెందుకులేమ్మా. విషయం విను."

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. గోడవతల నుంచీ, గుమ్మం అవతల నుంచీ విన్న గొంతు. ఇంత గట్టిగా, ఇంత నేరుగా ఎప్పుడూ వినలేదు.

"చెప్పండమ్మా, పాత సూపర్నెంటుగారు కావాలా మీకు?"

"ఎప్పటికీ అక్కర్లేదమ్మా. ఆయన సినిమాలు ఆయనకుంటాయి, సంపాదించుకోనీ. ఒక్క రోజు రమ్మను. ఎల్లుండి నేను మా చిన్నమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఈలోపల మా అల్లుడుగారికి ఒక మాట చెప్పాలి."

యాంకరు నిర్మాత వైపు చూసి నవ్వింది. "మీ అల్లుడుగారు ఆ కార్యక్రమంలో చేస్తున్నారా అమ్మా?"

"ఛ, ఛ, ఆయనకదేం ఖర్మ! లిఫ్టు కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఇంట్లోనే ఉంటారు."

"ఇంట్లోనే ఉంటే మీరే నేరుగా చెప్పొచ్చు కదమ్మా?"

"భలేదానివే. అల్లుడుగారితో నేరుగా ఎట్లా మాట్లాడతామమ్మా? ఇదివరకు మా అమ్మాయి ఉండేది. తర్వాత ఈయన ఉన్నాడు. ఇప్పుడు మీరు పెట్టారే, ఆ పిల్ల, మంచిదే, కాదన్ను. కానీ తల ఎత్తి చూడదు కదా!"

స్టూడియోలో అందరూ నవ్వారు. నిర్మాత కూడా నవ్వాడు, ఆ రోజు మొదటిసారి. "తప్పకుండా అమ్మా, మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాం" అంది యాంకరు. లైను కట్టయింది.

"పాపం, ముసలమ్మకి మతి చలించినట్టుంది" అన్నాడు స్టోర్ కీపరు.

"లిఫ్టు కంపెనీ అంటోంది, మన వాళ్ళెవరైనానేమో" అన్నాడు పెద్ద మెకానిక్కు నవ్వుతూ. నన్ను చూశాడు. నవ్వు ఆపేశాడు. లేచి వెళ్ళి టీవీ శబ్దం తగ్గించి, తన డబ్బా తీసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తినడం అయ్యేదాకా ఎవరో కస్టమరు మెషిన్ గదిలో పావురాలు పెంచుకుంటున్న సంగతి చెప్తూ ఉన్నాడు. ఒక్క మాట కూడా నా బుర్రకెక్కలేదు. కానీ ఆ గొంతు అలా పక్కన సాగుతూ ఉండటం బాగుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మాట్లాడేయాలని అనుకున్నాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇంటికి వెళ్ళాక, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చున్నాను. చాలాసేపటికి రిమోటు తీసి టీవీ పెట్టాను. 'మూడో అంతస్తు' వస్తోంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. కొత్త అమ్మాయి బంట్రోతుకి ఏదో సర్దిచెప్తోంది. ఒక్కసారి ఇటు చూడమ్మా, అనుకున్నాను. చూడలేదు. ఆ పిల్ల తన పని తను చూసుకుంది. అడుగులు మళ్ళీ వెనక్కి వెళ్ళాయి. టీవీ ఆపేశాను. శనివారం కూడా అలాగే గడిచింది.

ఆదివారం పొద్దున్నే మా మరదలు దిగింది. రాగానే ఇల్లంతా మాటలే. సంచులు బయటపెట్టింది, మందులు సర్దింది, తల్లిని కోప్పడింది, నన్ను చిక్కిపోయారంది. మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. అంటే నేనూ మరదలూ కూర్చున్నాం, అత్తయ్యగారు నిలబడి వడ్డిస్తున్నారు.

"నువ్వూ కూర్చో అమ్మా, బస్సుకి టైమవుతుంది" అంది మరదలు.

ఆవిడ బల్ల చివర, నాకు ఐమూలగా, కుర్చీ అంచు మీద కూర్చున్నారు. కూర్చుని, నెమ్మదిగా అన్నారు, "మీ బావగారికి కూర వెయ్యవే."

మా మరదలు వేసింది. "చాలా, బావా?"

"చాలని చెప్పమ్మా."

"చాలట."

ఎంత సులువుగా వచ్చేసిందో! ఎన్నాళ్ళుగానో బిగుసుకుపోయిన లిఫ్టు నూనె పడగానే జారినట్టు జారింది. నాకు నిజంగా హాయిగా అనిపించింది. ఇంకో పూట ఇలాగే గడిచిపోతుంది, అంతా మర్యాదగా ముగిసిపోతుంది అనుకున్నాను.

"పాలవాడికి రేపటినుంచీ సగమే చాలని చెప్పమను."

"పాలు సగం చాలట బావా."

"చెప్తానని చెప్పు."

"పంపు కిందటేడు లాగే కారుతోంది, చూపించుకోమను."

"పంపు..."

"విన్నానమ్మా. చూపిస్తానను."

మరదలు మధ్యలో తినలేక అవస్థ పడుతోంది. అత్తయ్యగారు కాసేపు కంచంలో అన్నం కెలికారు. తర్వాత తల ఎత్తకుండానే అన్నారు, "వెళ్ళొస్తానని చెప్పవే మీ బావగారికి."

"బావా, అమ్మ వెళ్ళొస్తానంటోంది."

సరే, జాగ్రత్తగా వెళ్ళమని చెప్పు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. దానంతటదే వచ్చింది. అది అనేస్తే ఆవిడ వెళ్ళిపోతారు. ఆ సంగతి మాత్రం ఆ మొద్దుబారిన మనసులోకి కూడా సూటిగా దిగింది. నేను మరదలి వైపు కాకుండా బల్ల చివరికి తిరిగాను.

"అత్తయ్యగారూ, సూపర్నెంటుగారితో చెప్పాలనుకున్న ఆ మాటేదో నాతో చెప్పండి."

ఆవిడ చేయి కంచంలో ఆగిపోయింది. కొంగు భుజం మీదికి లాక్కున్నారు. మా మరదలు నోరు తెరిచి నన్నూ వాళ్ళమ్మనీ మార్చి మార్చి చూసింది. "సూపర్నెంటెవరు?" అంది.

"నేను విన్నానండి. శుక్రవారం, ఆఫీసులో" అన్నాను.

"అయ్యో రామ" అన్నారావిడ, ఎవరితోనో. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. నా మొహం వైపు చూడలేదు. నా చెవి పక్కన గోడ మీద ఏముందో, దాన్ని చూస్తూ అన్నారు.

"ఏముంది. ఉంటే ఉండండి అనో, వెళ్తే వెళ్ళండి అనో మీరు ఒక్క మాట అంటారేమోనని. మీరు పంపించెయ్యమన్నారట. చిన్నది చెప్పింది. పంపించెయ్యడం తప్పని కాదు. మీ నోటితో వినలేదు, అంతే."

"నేను పంపించెయ్యమనలేదండి. ఆవిడ ఇష్టమన్నాను."

"మరి నేనూ ఆయన ఇష్టమనే అన్నాను."

ఇద్దరమూ మా మరదలి వైపు చూశాం.

"ఇదేంటి, నన్ను చూస్తారు?" అందది. "బావ ఇష్టమన్నారంటే వద్దనలేదనేగా! వద్దనకపోతే సరే అన్నట్టేగా! అమ్మ ఆయన ఇష్టమంటే వస్తాననేగా! మనుషులు చెప్పేదొకటి, దాని భావమొకటి ఉంటుంది కదా అని నేను..." ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "మీ ఇద్దరి మంచికే కదా చేశాను. అక్క ఎట్లా భరించిందో మీ ఇద్దర్నీ."

"నీ తప్పేం లేదమ్మా" అన్నాను.

"ఉండమంటారా?" అన్నారు అత్తయ్యగారు. ఇంకా గోడనే చూస్తున్నారు. కానీ అడిగింది నన్నే. మధ్యలో ఎవరూ లేరు.

ఉంటే ఆవిడకి ఇక్కడ ఏం సుఖమో నాకు తెలియదు. నాకేం సుఖమో కూడా గట్టిగా చెప్పలేను. ఫోనులో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి గంటలకొద్దీ ధైర్యం చెప్పే మనిషిని, నాకు ఒక్క కారణం కూడా దొరకలేదు.

"ఉండండి" అన్నాను. అంతకన్నా ఏమీ రాలేదు.

"సరే" అన్నారు.

మా మరదలు ముక్కు తుడుచుకుని, "మరి ఆ సర్దిందంతా?" అంది.

"సంచులు బయటపెట్టినదానివి నువ్వే లోపల పెట్టు" అన్నారు వాళ్ళమ్మ.

ఆ తర్వాత ఇంకేం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. అంతలో అత్తయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"కూరలో ఉప్పు ఎట్లా ఉంది?"

నేను అలవాటుగా మరదలి వైపు తిరగబోయి, ఆగాను. "కొంచెం తక్కువైందండి."

"ఇవాళేనా?"

"మొదటినుంచీ కొంచెం తక్కువేనండి."

ఆవిడ ఈసారి గోడని వదిలేసి నేరుగా నా మొహంలోకే చూశారు. ఎప్పుడూ చూడలేదేమో, ఆవిడ కళ్ళు లేత గోధుమరంగులో ఉన్నాయని నాకు తెలియదు. బాగా కోపంగా ఉన్నాయి.

"ఇన్నేళ్ళనుంచీ చెప్పరేం మరి?" అని, ఉప్పు డబ్బా నా వైపు తోశారు.